ప్రమీలకు మొలిచే నూలు

మగవాళ్లు సాంచాల మీదికి, అంటే మరమగ్గాల పనికి, వెళ్లగానే, వలస వచ్చిన నేతపనివాళ్లుండే లింబాయత్‌లోని ఆ ఇంట్లో చీరల పని మొదలవుతుంది. తోటికోడళ్లు భూదేవి, ప్రమీల చాప మీద కూర్చుని, సేఠ్ పంపిన చీరలకు మెరుపు రాళ్లు అతికిస్తారు. అత్త వెంకటవ్వ చాయ్ పెడుతుంది.

ప్రమీలకు ముట్టు వచ్చిన రోజుల్లో చాప మీద భూదేవి ఒక్కతే. ప్రమీల గోడవైపు తిరిగి ముడుచుకుని పడుకుంటుంది. అప్పుడు ఆమె చుట్టూ ఎర్రటి నూలు మొలుస్తుంది. గోడ పగుళ్లలో, బియ్యం డబ్బా మూత మీద, కిటికీ ఊచలకు. ముట్టు ఆగాక కొత్తది రాదు, వచ్చింది మాత్రం ముడులు పడి అతుక్కుపోతుంది. నేతపనివాళ్లు నూలును చీపురుతో ఊడ్వరు. వెంకటవ్వ దాన్ని విప్పి, కండెకు చుట్టి అటక మీద పెడుతుంది.

భూదేవికి కంటగింపు ఆ పడకే. దాని పక్కకు అత్త తెచ్చిపెట్టే వేడినీళ్ల సీసా కూడా.

"నాకు రాదా ముట్టు? నేను కూసుంటలేనా?"

"నీది ఉక్కు పాణం బిడ్డా," అంది వెంకటవ్వ. ఆ పొగడ్త భూదేవికి తిట్టులా తగిలింది.

"ఎట్లున్నదే?" అని అడిగితే ప్రమీల ఎప్పుడూ ఒకటే అంటుంది: "ఎప్పటిదే అక్కా."

నిజంగా నొప్పి ఉంటే ఇంత నెమ్మదిగా చెబుతుందా? భూదేవి మరిదిని, ప్రమీల మొగుణ్ని, పట్టుకుంది.

"సిరిసిల్లకు తోలియ్యి కమలాకర్. తల్లిగారింట్ల పండుకుంటది."

"బాగైనంక తెచ్చుకుందాం తియ్యి," అన్నాడు కమలాకర్. రైలు టికెట్ తీశాడు. మళ్లీ తెచ్చుకోడని ఇంట్లో అందరికీ తెలుసు.

అంత సన్నటి నూలు కూడా ప్రమీలకే మొలవడం భూదేవికి నచ్చలేదు. కండె దించి, తన జాకెట్ అంచులు దానితో కుట్టుకుంది. అది తొడుక్కుని ఉండగానే ఆమెకు ముట్టు వచ్చింది.

పొత్తికడుపులో ఎవరో తడిబట్ట పిండినట్టయింది. నొప్పి నడుము చుట్టి తొడల్లోకి దిగింది. దొడ్డికి కూర్చుంటే కత్తి దిగినట్టుంది. జాకెట్ విప్పింది, పోయింది. అనుమానం తీరక మళ్లీ తొడుక్కుంది. ఈసారి గోడ పట్టుకుని విప్పింది.

మర్నాడు ప్రమీలను, కమలాకర్‌ను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్లింది.

"నొప్పి ఎలా ఉంటుంది?" అని డాక్టరమ్మ హిందీలో అడిగింది.

"ఎప్పుడూ ఉండేదే," అంది ప్రమీల. డాక్టరమ్మ బిళ్లలు రాయబోయింది.

"ఆమె చెప్పదు, నేను చెప్తా," అంది భూదేవి. తడిబట్ట, నడుము, తొడలు, కత్తి, ఏదీ దాచలేదు. ప్రమీల తోటికోడలి మొహం వంకే చూస్తూ ఉండిపోయింది.

"ఇదేనా?" అని డాక్టరమ్మ ప్రమీలను అడిగింది.

"గిదే," అంది ప్రమీల. "పెద్దమనిషినైనప్పటి సంది గిదే. పిల్లలు పుడితే పోతదన్నరు." భూదేవి అది హిందీలో చెప్పింది.

"దాన్ని నమ్ముకుని కూర్చోకు," అంది డాక్టరమ్మ. " ఇది ఎండోమెట్రియోసిస్ కావచ్చు. గర్భసంచి లోపలి పొరలాంటిది సంచి బయట పెరుగుతుంది. ముట్టు వచ్చినప్పుడు అదీ వాచి నెత్తురు కారుస్తుంది. లోపలి దానికి బయటికి దారి ఉంది, దీనికి లేదు. అక్కడే మంటపెట్టి, పక్కవాటిని అతికించేస్తుంది. మందులున్నాయి, అవసరమైతే ఆపరేషన్ చేస్తారు. స్కాన్‌లో ఏమీ కనిపించకపోయినా మళ్లీ రావాలి."

"టికెట్ వాపస్ చెయ్యి," అంది భూదేవి మరిదితో.

కమలాకర్ తలూపి, ప్రమీల చెయ్యి పట్టుకుని మెట్లు దింపాడు. భూదేవి ఆ రెండు చేతుల వంక చూసింది. తన మొగుడు సోమలింగం ఎన్నడూ తన చెయ్యి అలా పట్టుకోలేదు. మొగుడి మీది కోపంతో గబగబా ముందుకు నడిచి రిక్షా ఆపింది.