తప్పు చెప్పే వంతు

మా బడిపిల్లలకి ఇంగ్లీషులో ముక్కు వచ్చు, చెవి వచ్చు, మోచెయ్యి వచ్చు, చీలమండ కూడా వచ్చు. నిన్న ఏం చేశావని అడిగితే మాత్రం తెల్లమొహం వేస్తారు. ఒంటి భాగాల పాఠం దాటి ఒక్క అడుగు ముందుకు పడితే ఒట్టు.

తప్పు పిల్లలది కాదు, కంపెనీది. పరాయి దేశం వెళ్లి సేవ చేయాలని మనసుపడ్డవాళ్ల దగ్గర ఫీజు పుచ్చుకుని, విమానం ఎక్కించి, మాలాంటి చోట రెండు వారాలు పాఠాలు చెప్పించి తీసుకుపోవడం వాళ్ల వ్యాపారం. వాళ్లని విమానాశ్రయం నుంచి బడికి తెచ్చే వ్యాను నేనే నడుపుతాను. వచ్చేవాళ్లు మంచివాళ్లు, తిట్టడానికి నోరు రాదు. కానీ ప్రతి జట్టూ మొదటి పాఠమే చెబుతుంది, కళ్లనీళ్లు పెట్టుకుని సెలవు తీసుకుంటుంది. వెనకాలే ఇంకో జట్టు దిగి మళ్లీ ముక్కు దగ్గర మొదలుపెడుతుంది.

బడి నడిపేది మా ఆయన అక్క, అంటే నాకు వదిన. ఆవిడకి మర్యాద పాలు ఎక్కువ. అంత దూరం నుంచి వచ్చినవాళ్లతో "ఇది మాకు వచ్చు" అంటే చిన్నబుచ్చుకుంటారని, ఏమీ తెలియనట్టు ఉండమని పిల్లలకి చెప్పింది. పిల్లలు ఆ విద్యలో ఆరితేరిపోయారు. తప్పు చెప్పడానికి వంతులు కూడా వేసుకున్నారు. వంతు వచ్చినవాళ్లు ముక్కు అడిగితే చెవి పట్టుకోవాలి, మిగతావాళ్లు నవ్వాలి, టీచరు దిద్దాలి. చివరి రోజు అందరికీ అన్నీ ఒక్కసారిగా వచ్చేసినట్టు గడగడా అప్పజెప్పాలి. కంపెనీ మేనేజరు ఫొటోలు తీసుకుంటాడు.

నాకూ ఇదంతా వేడుకగానే ఉండేది, మా అమ్మాయి పెద్ద బడికి వెళ్లాల్సిన ఏడు వచ్చేదాకా. ఆ బడిలో చేర్చుకునే ముందు పిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి ఇంగ్లీషులో మాట్లాడిస్తారు. మాట్లాడలేకపోతే చదువు అక్కడితో సరి, మాకు అందుబాటులో ఇంకో బడి లేదు. మా పిల్లని ఇంట్లో టపాకాయ అంటాం. అలాంటి పిల్ల ఇంగ్లీషు అనేసరికి మోకాలు, మోచెయ్యి అని నీళ్లు నములుతోంది. నేరుగా వదిన దగ్గరికి వెళ్లాను.

"వదినా, వచ్చే జట్టుతోనైనా రెండో పాఠం చెప్పించండి. దీని చదువు ముక్కు దగ్గరే ఆగేలా ఉంది" అన్నాను.

"నాకు మాత్రం తెలీదుటే? అన్ని తరగతులూ నేనొక్కదాన్నే ఈదుతున్నాను. ఇంగ్లీషుకి వీళ్లే దిక్కు. పద, మేనేజర్ని అడుగుదాం."

మేనేజరు నవ్వు చెదరకుండా చేతులెత్తేశాడు. "మేడమ్, వచ్చినవాళ్లకి తమవల్ల మార్పు వచ్చిందని కంటికి కనబడాలి. పిల్లలకి ముందే సగం వస్తే ఇంకేం మిగులుతుంది? మొదటి పాఠంలోనే ఉంది మజా అంతా."

"మీ మజాకి మా పిల్ల చదువు తగలెయ్యాలా?" అన్నాను.

"డ్రైవరమ్మా, నువ్వు బండి సంగతి చూసుకో."

నాకు ఒళ్లు మండిపోయింది. వదిన చెయ్యి పట్టుకుని లాక్కెళ్లింది కాబట్టి సరిపోయింది, లేకపోతే ఆ పూట అతగాడికి ఒంటి భాగాల పాఠం నేనే చెప్పేదాన్ని. ఇల్లు చేరాక కూడా గిన్నెల మీద నా కోపం మోగుతూనే ఉంది. మా టపాకాయ ఓ మూల కూర్చుని అంతా విన్నది.

"ఈసారి తప్పు చెప్పే వంతు నాదేనమ్మా" అంది.

"చెప్పి చావు" అన్నాను.

కొత్త జట్టు దిగింది. వాళ్లకి పెద్ద, గడియారాలు బాగుచేసే ఒకావిడ. తల నెరిసింది, చూపు నెమ్మది. నేను సామాను దింపి తరగతి గుమ్మంలో నిలబడ్డాను. మేనేజరు కెమెరా సర్దుకున్నాడు. ఆవిడ తన ముక్కు చూపించి ఇదేమిటని అడిగింది. పిల్లలంతా మా దానివైపు తిరిగారు, నవ్వడానికి సిద్ధంగా.

అది చెవి పట్టుకోలేదు. లేచి ముక్కు పేరు చెప్పింది. ఆవిడ చేతిలోంచి సుద్దముక్క తీసుకుని, బోర్డు మీద మనిషి బొమ్మ గీసి, నెత్తి నుంచి కాలిగోరు దాకా అన్ని పేర్లూ చెప్పింది. చెవి దగ్గర ఒకప్పటి జట్టులోని మాస్టారిలా ఈల వేసింది. మోకాలు దగ్గర ఇంకో టీచరులా గెంతింది. తరగతికి తరగతి లేచి దానితోపాటు గెంతింది. పాఠం అయిపోయాక అది బోర్డు శుభ్రంగా తుడిచి, సుద్దముక్క ఆవిడ అరచేతిలో పెట్టి, "నెక్స్ట్" అంది.

ఆ మాట దానికి పాఠంలో ఎవరూ చెప్పలేదు. ఫొటోకి పిల్లల్ని ఒక్కొక్కరినే నిలబెడుతూ మేనేజరు అరిచే మాట అది.

"అల్లరి పిల్ల లెండి" అని మేనేజరు నవ్వబోయాడు. అప్పుడు లేచింది, వెనక కూర్చున్న మా వదిన. ఇంగ్లీషులో ఆవిడకి ఏదో చెప్పుకుపోయింది. నాకు ఒక్క ముక్క అర్థం కాకపోయినా, ఇన్నాళ్ల నాటకమూ చెప్పేస్తోందని మొహాలు చూస్తే తెలిసింది. గడియారాలావిడ కుర్చీలో కూలబడి మొహం కప్పుకుంది. "అయ్యో, ఎంత బాధపెట్టామే" అంది వదిన నాతో. తీరా చూస్తే ఆవిడ నవ్వుతోంది! కళ్లు తుడుచుకుంటూ, మళ్లీ నవ్వుతూ, కెమెరా దించమని మేనేజరుకి సైగ చేసి, బోర్డు మీద ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక వాక్యం రాసింది. రెండో పాఠం మొదలైందని వదిన నా చెవిలో చెప్పింది. నాకైతే అక్కడే చిందులు వేయాలనిపించింది.

సాయంత్రం జట్టంతా మేనేజర్ని చుట్టుముట్టింది. మేము వచ్చింది పిల్లలకి పనికిరావడానికి, మా ముచ్చట తీర్చుకోవడానికి కాదు, మేం ఆపిన చోటే తర్వాతి జట్టు మొదలుపెట్టాలి, లేకపోతే మా ఊళ్లో అందరికీ చెబుతాం అన్నారట. అతని నవ్వు మాయమవడం నేను మొదటిసారి చూశాను. కంపెనీ దిగొచ్చింది. ఇప్పుడు వెళ్లే జట్టు, వచ్చే జట్టుకి పాఠం ఎక్కడ ఆగిందో బడి వాకిట్లో చెప్పాకే నా వ్యాను కదులుతుంది. సిగ్గులేని కంపెనీ, అదేదో తన ఆలోచనే అయినట్టు ప్రకటన కూడా వేసుకుంది. వేసుకోనీ!

అలా కొన్ని జట్లు వచ్చి వెళ్లాక, పెద్ద బడిలో మాట్లాడించే రోజు మా దాన్ని నేనే తీసుకెళ్లాను. మిగతా పిల్లలు ఇలా వెళ్లి అలా వస్తున్నారు. మా టపాకాయ లోపలికి వెళ్లింది, ఎంతకీ రాదు. వరండాలో నా చెమట తుడవడానికి కొంగు చాల్లేదు. చివరికి తలుపు తెరుచుకుంది.

"ఏమైందే? ఇంతసేపు ఏం అడిగారు?"

"ఒక్కటే అడిగారమ్మా. ఇంగ్లీషు ఎవరు నేర్పారని."

"ఏం చెప్పావు?"

"అందరి గురించీ చెప్పాను. ఎవరు ఏం పని చేస్తారో, ఎవరు ఏ పాఠం చెప్పారో, ఎవరు ఎక్కడ ఏడ్చారో. ఇంకా సగంమంది మిగిలారు. వాళ్లే, ఇక చాలు తల్లీ, సీటు ఇచ్చాం అన్నారు."

ఇంటిదాకా దారి పొడుగునా హారన్ మీంచి చెయ్యి తీయలేదు నేను.