కాగితపు మడతలు

రాయప్ప రోజూ తెల్లారేసరికి పికప్పు వ్యానులో అరటిగెలలు వేసుకుని పటమట నుంచి వన్ టౌన్ మార్కెట్టుకు పోయేవాడు. పదింటికి తిరిగొచ్చి, బానెట్టెత్తి, గాలి వడకట్టే ఎయిర్ క్లీనర్ విప్పి దులిపి, అప్పుడు చద్దన్నానికి కూచునేవాడు. దులపకపోతే అతనికి ముద్ద దిగదు. బండి పీల్చిన గాలే అతను పీల్చే గాలి. పదహారో ఏటినుంచీ అంతే. బండిని రిపేరుకిచ్చి ఇంట్లో పడుకున్న రోజున దగ్గితే, పక్కింటి రావమ్మ గోడ మీదుగా తొంగిచూసి, "ఏం తెరేసమ్మొదినా, షెడ్డులో ఊడుస్తున్నట్టున్నారే!" అని నవ్వేది.

ఎయిర్ క్లీనర్ తుప్పుపట్టి చిల్లులు పడ్డాక రాయప్ప ఊపిరిలో ఈల మొదలైంది. గుడిలో ఫాదరుగారు పూజ చేస్తుంటే అందరూ తలలు వంచుకుని ఉన్నప్పుడు కుయ్యిమని వినబడేది. పిల్లలు నవ్వేవాళ్ళు. తల్లి తెరేసమ్మ ముసుగు ఇంకాస్త ముందుకు లాక్కునేది. ఆ ఈల విని రెండు సంబంధాలు వెనక్కి పోయాయి. మూడోది చల్లపల్లి అవతల నుంచి వచ్చింది. ఈస్టరు ముందరి తపస్సుకాలం మొదలైతే పెళ్ళిమాటలుండవు. ఈలోగా మిగిలింది ఒక్క ఆదివారం.

స్పేర్ పార్టుల కొట్టు రామకోటేశ్వరరావు బల్లమీద రెండు ఎయిర్ క్లీనర్లు పెట్టాడు.

"కంపెనీది ఇప్పుడు రావట్లేదమ్మా. ఇవి బయట చేసినవి. ఇదుగో, దీనికి అడుగున నూనె గిన్నె ఉంది. దుమ్మంతా నూనెలో పడుద్ది, గాలి ధారాళం. కాకపోతే మోత ఎక్కువ. ఇదేమో కాగితపు మడతలది. చప్పుడే ఉండదు."

"అమ్మా, నూనెదే తీసుకో," అన్నాడు రాయప్ప. "మినుము నూర్పిళ్ళు మొదలయినియ్. కాగితం ఆగదు."

"నువ్వూరుకోరా. చప్పుడు లేంది ఇవ్వండి."

"పీల్చేది అతనమ్మా," అన్నాడు రామకోటేశ్వరరావు.

"పెళ్ళి చెయ్యాల్సింది నేనండీ," అంది తెరేసమ్మ.

బిగించిన రోజున ఇల్లంతా నిశ్శబ్దం. ఈల మొదలయ్యాక మొదటిసారి కొడుకు పక్కన కూచున్నా ఊపిరి వినబడలేదు. ఆమెకు సంతోషం వేసింది. ఆ సంతోషానికే తరవాత చాలాకాలం సిగ్గుపడింది.

ఆదివారం పూజ కాగానే బయల్దేరారు. చల్లపల్లి దాటాక తారురోడ్డు మీద మినుము కట్టె పరిచేశారు. వచ్చేపోయే బండ్లు తొక్కితే కాయలు పగిలి గింజ రాలుతుంది. ఎండలో నల్లటి పొడి పొగలా లేస్తోంది.

"కాలవగట్టు మీంచి చుట్టిపోదామా?" అన్నాడు రాయప్ప.

"వేళ మించిపోద్ది. పద."

"రా బాబూ, రా! బాగా తొక్కించు!" అని రైతు ఒకడు తలగుడ్డ ఊపాడు. రెండు మైళ్ళు తొక్కించారు.

పిల్ల తండ్రి ఇన్నాసయ్య వసారాలో మంచం వాల్చి, ఆమెకు కుర్చీ వేశాడు. పిల్ల పేరు ఫిలోమిన. పొలంలో నీళ్ళ ఇంజను తనే తిప్పుతుందట. చేతుల గీతల్లో నూనె మరకలు ఇంకా పూర్తిగా పోలేదు. కాఫీ గ్లాసు అందుకుంటుంటే రాయప్ప పెదాలు నేరేడు రంగుకొచ్చాయి. చప్పుడు మాత్రం లేదు.

"ఏం బాబూ, ఒంట్లో బాలేదా?" అన్నాడు ఇన్నాసయ్య.

"ఎండండీ," అంది తెరేసమ్మ. "పొద్దున్నుంచీ ఏం తిన్లేదు, అందుకని."

"ఊపిరాడనట్టుంది కదమ్మా?"

"అబ్బే, లేదండీ. సిగ్గు వాడికి."

రాయప్ప మాట్లాడలేక బండి బానెట్టువైపు వేలు చూపించాడు. గ్లాసు కింద పడింది. ఫిలోమిన పళ్ళెం మంచం మీద పడేసి పరిగెత్తింది. బానెట్టెత్తి కాగితపు మడతలు పీకి చూసింది. మినుము పొట్టు పట్టి పిడకలా అయిపోయాయి. అయినా రాయప్పకు గాలి అందలేదు. ఇంజనుకు గాలి పోయే గొట్టం నోటి నిండా పొట్టే ఉంది. ఆ పిల్ల వంగి గొట్టానికి నోరు ఆనించబోయింది.

అప్పటికి తెరేసమ్మ వసారా మెట్టు దిగి నిలబడి ఉంది. పదహారో ఏట రాయప్ప చేసింది అదే. దారిలో బండి ఆగిపోతే గొట్టానికి నోరు పెట్టి ఊదాడు. అతని ఊపిరి బండిలోంచి మళ్ళీ వెనక్కి రాలేదు. వద్దమ్మా అని ఒక్క మాట అనాలి. గోడకు ఆనించిన సైకిలు, దాని పక్కనే గాలి కొట్టే పంపు కనపడుతూనే ఉన్నాయి. మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఊదితే ఈ పిల్ల ఇంకెక్కడికీ పోలేదు కదా అన్న ఆలోచన అంతకంటే ముందు వచ్చింది.

ఆమె నోరు మూసుకుంది.

ఫిలోమిన బలంకొద్దీ ఊదింది. పొట్టు ఎగిరి మొహాన పడింది. వసారాలో రాయప్ప మునిగి తేలినవాడిలా గాలి పీల్చాడు. ఆ ఈల ఊరంతా వినపడేంత గట్టిగా వచ్చింది. ఫిలోమిన నడుం ఎత్తి, మొహం తుడుచుకుని, ఊపిరి తీసుకుంది. అదే ఈల ఆమె గుండెల్లోంచి కూడా వచ్చింది.

ఇన్నాసయ్య కూతుర్ని చూశాడు, బండిని చూశాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో నలిపాడు.

"నేను చూస్తూనే ఉన్నానండీ," అంది తెరేసమ్మ. "ఊదితే ఏమవుద్దో నాకు తెలుసు. పంపు కూడా కనపడింది. అన్లేదు."

అతను తువ్వాలు దులిపి మళ్ళీ భుజాన వేసుకుని, "మీకూ ఆడపిల్లలున్నారా అమ్మా?" అన్నాడు.

"లేరండీ."

"ఊఁ," అన్నాడు అంతే.

ఫిలోమిన వాళ్ళవైపు తిరగలేదు. "ఇప్పుడు దీనికేది బిగిస్తే మంచిది?" అని రాయప్పను అడిగింది.

"నూనె గిన్నెది. మోత ఎక్కువ."

"ఉండనియ్యి. గాలొస్తే చాలు. ఇప్పుడే పోయి తెచ్చుకుందాం. నాన్నా, నువ్వూ ఎక్కు."

ఓణీ కొస చింపి, నీళ్ళలో ముంచి, గొట్టం మూతికి కట్టింది. ఆరినప్పుడల్లా తడపడానికి చెంబు ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో రాయప్ప పక్కన కూచుంది. పెద్దవాళ్ళిద్దరూ వెనక చెక్కమీద చెరో వైపూ కూచున్నారు. మినుము పరిచిన రోడ్డు వదిలి కాలవగట్టు మీదుగా పోయారు. ముందున్న ఇద్దరూ ఒక్కసారే పీలుస్తున్నారు, ఒక్కసారే వదులుతున్నారు. తెరేసమ్మ తల వంచుకుని, తన ఊపిరి తాను విడిగా పీల్చుకుంటూ కూచుంది.