నాలుగో గదిలో ఇంకో దారి

పొద్దున్నే తోమియె చేసే మొదటి పని నేల తుడవడం. మా దీవి కార్ఖానాలో ఏ ఓడ కట్టాలన్నా ముందు దాన్ని ఒక పొడవాటి హాలులో, చెక్క నేల మీద, అసలు కొలతలతో గీస్తారు. గీసింది ఓడని కదా, పోటు వచ్చినప్పుడల్లా ఆ గీతల చుట్టూ సముద్రం ఊరుతుంది. ఆడవాళ్లు తుడిచేస్తారు. చిక్కిన పీతలు క్యాంటీనుకి పోతాయి.

యుద్ధం ముగిసి పదకొండేళ్లు. చేపల పడవలు కట్టిన చేతులే ఇప్పుడు గ్రీకువాళ్లకి చమురు ఓడలు కడుతున్నాయి. ఏటేటా ఓడ పొడుగవుతుంటే, హాలు గోడని రెండుసార్లు పడగొట్టి వెనక్కి జరిపారు.

ఆ ఏడాది గీసింది అన్నిటికంటే పెద్దది. నాలుగో చమురు గది గీతల మీద గుడ్డ వేసిన తోమియె కెవ్వుమంది. అక్కడి నీళ్లు కుతకుతా ఉడుకుతున్నాయి.

మేస్త్రీ కురోసే పరిగెత్తుకొచ్చాడు. నోట్లో సిగరెట్టు జారి నీళ్లలో పడింది. ఇరవై ఏళ్లుగా ఆ నేల తడవడం చూశాడు గాని, ఉడకడం చూడలేదు.

"కురోసే గారూ, మా తమ్ముడు వెల్డింగు చేసేది ఈ గదుల్లోనే. పైకి రావడానికి ఒక్కటే దారి. ఈ మూల ఇంకోటి గీయండి."

"నక్షాలో లేని కంత పెడితే ఇంజనీర్లు నన్ను బతకనిస్తారా?"

"అయితే నేనే గీస్తా."

కురోసే ఆ ఆవిరి వంక చూశాడు. "నువ్వు గీస్తే నీ ఉద్యోగం ఊడుతుంది. సుద్ద ఇలా తే," అన్నాడు.

ఆ గీత ప్రకారమే రేకు కోశారు. లోపలి నుంచి తోస్తే తెరుచుకునే మూత బిగించారు. ఓడ త్వరగా దించాలన్న హడావిడిలో అదెందుకని ఎవరూ అడగలేదు. తోమియె మాత్రం తమ్ముడికి ఆ కంత సంగతి చెప్పి ఉంచింది.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం రంగు ఆవిరికి నిప్పురవ్వ తగిలి నాలుగో గది అంటుకుంది. సైరను మోగేసరికి తోమియె హాలులోనే ఉంది. కాళ్ల కింద నుంచి, చెక్కల్లోంచి, తమ్ముడు మసూజి గొంతు వినిపించింది.

"అక్కా! ఏ మూల అన్నావే? పొగలో ఏమీ కనబడట్లేదు!"

ఆమె నాలుగో గది గీతల దగ్గరికి పరిగెత్తింది. కంత గీసిన చోట నిలబడి, చెక్క చెప్పులతో నేలని దబదబా తొక్కింది. "ఇటు రారా! ఈ చప్పుడు పట్టుకుని రా!"

కురోసే వచ్చి పక్కన నిలబడి తనూ తొక్కాడు. కింద దగ్గులు దగ్గరయ్యాయి. తర్వాత ఏ చప్పుడూ లేదు. తోమియె ఓడ వైపు పరిగెత్తింది.

ఏడుగురు లోపలికెళ్లారు, ఏడుగురూ ఆ కంతలోంచి బయటికొచ్చారు. మసూజికి కనుబొమలు లేవు.

"అంత గట్టిగా తొక్కాలా? బూడిదంతా నా నెత్తినే రాలింది," అన్నాడు. తోమియె వాడి చెంప ఛెళ్లుమనిపించి, ఆ చేత్తోనే వాణ్ని దగ్గరికి లాక్కుంది.

సాయంత్రం పెద్ద ఇంజనీరు కురోసేని పిలిపించాడు.

"నక్షాలో ఆ కంత లేదు."

"లేదండి. నేనే పెట్టాను."

ఇంజనీరు కిటికీలోంచి చూశాడు. ఆ ఏడుగురూ ఆవరణలో బల్ల మీద వరుసగా కూర్చుని అన్నం తింటున్నారు. తర్వాత కొత్త ఓడ నక్షా బల్ల మీద పరిచి, పెన్సిలు కురోసే చేతికిచ్చాడు.

"ప్రతి గదిలోనూ ఎక్కడ పెట్టాలో చూపించు," అన్నాడు.