మారెక్క తలుపు ముందు

తిప్పమ్మ రొప్పుతూ చర్చి వాకిట్లోకి వచ్చేసరికి పాస్టరు శశికుమార్ ఆదివారం ఆరాధనకు పాటలు ఎంచుకుంటున్నాడు.

"అయ్యగారూ, బిర్రన రాండి! మా కోడలు లోపల గడియ పెట్టుకున్యాది. బిడ్డ గూడా లోపలే ఉండాది. చేనుకు తెచ్చిన మందు డబ్బా యాడా కనపడ్లేదు!"

శశికుమార్ చేతిలో బైబిలు చేతిలోనే ఉండగా పరుగెత్తాడు.

గార్లదిన్నె పక్కనున్న ఆ పల్లెకు అతను వచ్చినప్పటి నుంచీ సరైన వాన పడలేదు. వేరుశనగ వేసిన ప్రతి ఏడూ ఊడలు దిగకముందే ఎండిపోయింది. పోయిన నెల తిప్పమ్మ కొడుకు చెన్నప్ప ఆ ఎండిన చేలోనే ప్రాణం తీసుకున్నాడు. "ఇట్లా పోయినోనికి పాటలేంది, ప్రసంగమేంది" అని సంఘపెద్ద ఈశ్వరప్ప గట్టిగా అనడంతో సమాధి దగ్గర అంతా హడావిడిగా ముగించేశారు. చెన్నప్ప భార్య మారెక్క మట్టిమీద పడి ఏడుస్తుంటే శశికుమార్ వంగి, "ఏడవకూడదమ్మా, మనం మళ్ళీ కలుస్తామన్న నిరీక్షణ లేనివాళ్ళం కాదు" అన్నాడు. ఆమె ఏడుపు ఆపేసింది. ఆ తర్వాత ఎవరితోనూ మాట్లాడనూ లేదు. అదే విశ్వాసమనుకుని అతను ఆమెను ప్రసంగంలో మెచ్చుకున్నాడు.

ఇప్పుడు ఆ బండల మిద్దె ముందు జనం గుమిగూడి ఉన్నారు. మధ్యాహ్నపు ఎండకు వాకిలి కాలిపోతోంది. ఇద్దరు మగవాళ్ళు తలుపుకు భుజాలు ఆనించి తోయబోతున్నారు.

"తలుపు కదిలిందంటే తాగేస్తా!" లోపలి నుంచి మారెక్క గొంతు. ఇన్నాళ్ళ తర్వాత అదే మొదటి మాట. వాళ్ళు చప్పున వెనక్కి తగ్గారు. లోపల నాలుగేళ్ళ రూతు "అమ్మా, అమ్మా" అని వెక్కుతోంది.

శశికుమార్ గడప ముందు మోకాళ్ళమీద కూర్చున్నాడు. "మారెక్కా, నేను పాస్టర్ని. దేవుడు నిన్ను విడిచిపెట్టడక్కా."

"ఆ మాట నాకు చెప్పొద్దు."

"అన్నీ మన మేలుకే..."

"ఏం మేలు? మొగుడు పోయి ఏం మేలొచ్చిందో చెప్పు! నీవు పోయి పాటలు పాడుకోపో!"

డబ్బా మూత నేలమీద పడి దొర్లిన చప్పుడు బయటికి వినిపించింది. తిప్పమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. శశికుమార్‌కు కంఠతా వచ్చిన వాక్యాలన్నీ సంతోషపు వాక్యాలే. ఏది ఎత్తుకున్నా ఆ తలుపు అవతల అది అబద్ధంలా తోస్తుందని అతనికి అర్థమైంది. గబగబా పేజీలు తిప్పాడు. పెద్ద ప్రవక్తల గ్రంథాల మధ్య ఇరుక్కున్న చిన్న విలాపవాక్యాల గ్రంథం దగ్గర కాగితాలు ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. బైబిలు కొన్నప్పటి నుంచీ ఎవరూ వాటిని విడదీయలేదు. అతను గోటితో విడదీసి, ఇంకేమీ ఆలోచించకుండా బిగ్గరగా చదవడం మొదలుపెట్టాడు.

ఒకప్పుడు జనంతో కళకళలాడిన పట్టణం మొగుడు పోయిన ఆడదానిలా ఒంటిగా కూలబడి ఉంది. చెంపలమీద నీళ్ళు ఆరడం లేదు. ఓదార్చడానికి ఒక్కరూ రాలేదు.

లోపల అడుగుల చప్పుడు తలుపు దగ్గరికి వచ్చింది.

"అది బైబిల్లోదేనా?" మారెక్క అడిగింది.

"బైబిల్లోదే అక్కా."

"నన్ను మోసం చేయొద్దు."

"ఒట్టు. ఊరు నాశనమైపోయినప్పుడు దేవుని జనం ఏడ్చిన ఏడుపు ఇది."

"సదువు," అంది ఆమె.

అతను చదివాడు. పసిబిడ్డలు ఆకలితో తల్లుల ఒళ్ళో సొమ్మసిల్లడం గురించి చదువుతుంటే వాకిట్లో ఆడవాళ్ళు ముక్కులు ఎగబీల్చారు. మొరపెడితే దేవుడు చెవిన పెట్టలేదనీ, తన దారికి అడ్డంగా రాళ్ళు పేర్చాడనీ ఒకడు తిట్టినంత పని చేసే చోటు వచ్చింది. వెనకనుంచి ఈశ్వరప్ప గొంతు తగ్గించి, "ఏమప్పా, చావబోయే మనిషికి ఇదా సదివేది? ఆపు" అన్నాడు.

"ఆపొద్దు!" లోపలి నుంచి ఆమె అరిచింది. "దేవుణ్ణి అంతమాట అన్న్యాడు గదా, వాణ్ణి దేవుడేం చేసినాడు?"

"ఏం చేయలేదక్కా. వాడి మాటల్ని తన పుస్తకంలో పెట్టించుకున్నాడు."

మారెక్క ఏడవడం మొదలుపెట్టింది. నెల రోజులు గొంతులో అణచిపెట్టిన ఏడుపు అది. బయట ఉన్నవాళ్ళు భయపడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇప్పుడు తలుపు విరగ్గొట్టాలా వద్దా తెలియక మగవాళ్ళు శశికుమార్ వైపు చూశారు. అతను వద్దని చెయ్యి ఊపి చదువుతూనే ఉన్నాడు. అంతలో దేవుని దయ ప్రతి ఉదయం కొత్తగా పుడుతుందనే మాట వచ్చింది. ఆ మాట అందరికీ తెలుసు. సగం ఇళ్ళ గోడలమీది క్యాలెండర్లలో ఉంది. అది ఇంత ఏడుపు నడుమ పుట్టిందని అక్కడ ఎవరికీ తెలియదు. పాస్టరుకూ తెలియదు.

అక్కడితో ముగిస్తే బాగుండుననిపించి అతను ఆగాడు.

"అయిపోయిందా?"

"లేదక్కా. మళ్ళా ఏడుస్తాండారు."

"అయితే సదువు."

చివరిదాకా చదివాడు. మమ్మల్ని పూర్తిగా వదిలేశావా అని అడగడంతో ఆ గ్రంథం అయిపోయింది.

"దేవుడేం జవాబిచ్చినాడు?"

"జవాబు లేదక్కా. ఇంతే ఉండాది."

తిప్పమ్మ తలుపుకు చెవి ఆనించింది. అప్పుడు గడియ కదిలింది. ముందు రూతు బయటికొచ్చి నాయనమ్మ కాళ్ళను కరుచుకుంది. వెనకే మారెక్క వచ్చి, డబ్బాను శశికుమార్ ముందు పెట్టింది. అది నిండుగానే ఉంది. అతను దాన్ని దూరంగా జరిపి ఆమెతో పాటు గడప మీద కూర్చున్నాడు. "ఆ పొద్దు నిన్ను ఏడవొద్దన్నాను. తప్పు చేసినా" అన్నాడు. ఆమె తల ఊపి, కొంగులో ముఖం దాచుకుని ఇంకా ఏడ్చింది. ఈసారి ఎవరూ ఆపలేదు. ఆ రాత్రి నుంచి ఆడవాళ్ళు వంతులవారీగా ఆమెకు తోడు పడుకున్నారు. శశికుమార్ ఆమెను అనంతపురం డాక్టరు దగ్గరికి కూడా తీసుకెళ్ళాడు.

ఆదివారం అతను స్తుతిపాటలు పక్కనపెట్టి అదే గ్రంథం తెరిచాడు. ఈశ్వరప్ప లేచాడు. "ఆరాధనలో శోకాలు పెడితే కొత్తగా వచ్చేటోళ్ళు ఏమనుకుంటారప్పా? విశ్వాసం ఉండేది సంతోషపడేకి గదా?"

ఆడవాళ్ళ వైపు నుంచి మారెక్క లేచి నిలబడింది. "అన్నా, నేను సంతోషపడలేక సావబోయినా. దేవుని దగ్గర ఏడవొచ్చని ఎవరైనా ముందే చెప్పింటే నా మొగుడు గూడా ఏడ్సి బతికిండునేమో."

ఈశ్వరప్ప మెల్లగా కూర్చున్నాడు. శశికుమార్ చదవసాగాడు. పెద్దమనుషులు మాటాపలుకూ లేకుండా నేలమీద కూర్చున్నారనే చోటు వచ్చేసరికి ఈశ్వరప్ప తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నీళ్ళు లేక ఎండిపోయిన తన చీనీతోటను, ఆ బత్తాయి చెట్లన్నిటినీ, ఆ వేసవిలో అతను తానే దగ్గరుండి నరికించాడు. దాని గురించి ఇంట్లోవాళ్ళ ముందు కూడా నోరెత్తలేదు. "నా చెట్లు... పద్నాలుగేండ్ల చెట్లు" అన్నాడు అందరికీ వినిపించేలా. కొంతమంది లేచి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు మధ్యాహ్నందాకా కూర్చున్నారు.

ఆ ఏడు కూడా వాన రాలేదు. మారెక్క బిడ్డను తిప్పమ్మకు అప్పజెప్పి రాప్తాడు వైపు కూలికి పోయివచ్చేది. మాఘమాసంలో పక్క ఊళ్ళో ఇంకొక రైతు ప్రాణం తీసుకున్నాడని తెలిసి శశికుమార్ బయలుదేరితే, తానూ వస్తానంది.

ఆ ఇంట్లో భార్య గోడకు ఆనుకుని, పొడి కళ్ళతో కూర్చుని ఉంది. శశికుమార్ నోరు తెరవబోయాడు. మారెక్క అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ముందు ఆయమ్మను ఏడవనీ అయ్యగారూ. మాటలు ఆ పైన చూద్దాం."

అని పోయి ఆమె పక్కన నేలమీద కూర్చుని, ఆమె తలను తన భుజానికి ఆనించుకుంది.