చెక్కు తీసిన ముక్కలు

గవర్రాజు ఇరవయ్యారేళ్ళు ఒకే రంపం మిల్లులో మొద్దులు దొర్లించాడు. ఆ ఇరవయ్యారేళ్ళలో అతను ఆడిన మాటలన్నీ పోగేసినా ఒక శుభలేఖ నిండదని మిల్లు యజమాని కృష్ణంరాజు గారు అనేవారు. పని మానేసి సొంతంగా రంపం పెట్టుకుంటానన్న రోజున మాత్రం ఆయన నవ్వలేదు.

"ఒరే, వ్యాపారానికి నోరుండాల్రా. నీకున్నవి రెండు చేతులు. ఆరు నెలలు తిరక్కుండా వచ్చి నా గేటు ముందు నిలబడతావు, చూసుకో."

గవర్రాజు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని వచ్చేశాడు. ఈ పెళ్ళి ముక్కల గొడవ వచ్చేనాటికి అయిదు నెలలయింది.

ఆటోనగర్ చివర, లారీలకి బాడీలు కట్టే షెడ్డు వెనక, రేకుల కప్పు కింద అతని రంపం ఉంది. మొదట్లో చింతమొద్దులు తెచ్చి మాంసం కొట్లకి దిమ్మలు కోసిచ్చేవాడు. ఒకసారి నిద్రగన్నేరు మొద్దు కోస్తే లోపల నల్లగా, చుట్టూ లేత పసుపుగా, అంచున గరుకు తొక్కతో చూడముచ్చటగా వచ్చింది. ఆ ముక్కని నున్నగా రుద్ది కూర్చోడానికి వేసుకున్నాడు. పెళ్ళి పందిళ్ళు అలంకరించే సుధారాణి పలకల కోసం వచ్చి, పలకల సంగతి మర్చిపోయి, ఆ ముక్క ముందు గొంతుక్కూర్చుంది.

"బాబాయ్ గారూ, ఇలాంటివి నాకు అరవై కావాలండీ. పలచగా, రెండంగుళాల మందం. బల్ల మీద దీపం పెట్టి, చుట్టూ పూలు వేస్తాం. పెళ్ళయ్యాక వచ్చినవాళ్ళకి తలా ఒకటి ఇచ్చేస్తాం. బెరడు మాత్రం చెక్కుచెదరకూడదు. అందమంతా దాంట్లోనే ఉంది."

గవర్రాజు తలూపాడు. అతని భార్య తవిటమ్మకి మాత్రం నవ్వాగలేదు.

"మాంసం కొట్టే దిమ్మలు పెళ్ళిలో ఎట్టుకుంటారేటమ్మా?"

"ఇప్పుడదే ఫ్యాషన్ పిన్నిగారూ. పల్లెటూరి పెళ్ళిలా ఉంటుందని."

"మా పెళ్ళి పల్లెటూల్లోనే అయినాది. ఒక్క మొద్దే ఉన్నాది. ఇదిగో," అంది తవిటమ్మ మొగుణ్ణి చూపించి.

అది పుష్యమాసం. గవర్రాజు మాఘం వచ్చేదాకా చెట్టు ముట్టలేదు. ఆకు రాలి, చెట్టు నిద్రలో ఉన్నప్పుడు కొడితేనే తొక్క కర్రని పట్టుకుని ఉంటుంది. చిగురేసిందా, లోపల పాలు పారి తొక్క ఊడొస్తుంది. అందుకని ఆకంతా రాల్చేసిన చెట్టు చూసి, అమావాస్య ముందర కొట్టించాడు. ముక్కల్ని తిన్నగా కాకుండా కాస్త ఏటవాలుగా కోశాడు. రెండు ముఖాలకీ మైనం పూసి, ఎండ తగలకుండా, గాలి మాత్రం ఆడేలా పేర్చాడు. రెండు నెలలు రోజూ తిరగేశాడు. తొంభై కోస్తే అరవై నాలుగు పగలకుండా నిలిచాయి. ఒక్కదానికీ తొక్క కదల్లేదు.

వాటి మీద పేర్లు కాల్చడం తవిటమ్మ పని. ఆమె ఏడో తరగతి దాకా చదివింది, అక్షరాలు ముత్యాల్లా రాస్తుంది. వేడి చువ్వతో ఒక పక్క పెళ్ళికూతురి పేరు హరిచందన అని, ఇంకో పక్క పెళ్ళికొడుకు పేరు నాగవంశీ అని, అరవై సార్లు రాసింది. అరవయ్యోది అయ్యేసరికి, "ఈ పిల్ల పేరు నా కూతురి పేరు కంటే బాగా నోటికొచ్చీసింది," అంది.

శుక్రవారం పెళ్ళి. బుధవారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఫోన్ ఎప్పుడూ తవిటమ్మ దగ్గరే ఉంటుంది, గవర్రాజు ముట్టుకోడు. పక్క షెడ్డులో ఇనుము కోస్తున్నారు, ఇటు గవర్రాజు రంపం తిరుగుతోంది. తవిటమ్మ ఒక చెవి మూసుకుని, రెండో చెవిలోకి ఫోన్ కుక్కుకుని, "ఆ, ఆ, సరేనమ్మా," అని పెట్టేసింది.

"సుధారాణమ్మ. రేపు పొద్దున్న వేన్ వత్తాదంట. సెక్కు తీసి ఎట్టాలంట."

గవర్రాజు రంపం ఆపాడు. "సెక్కా?"

"సెక్కే. తొక్క. బీరకాయకి తీత్తాం కాదేటి."

"తొక్కతో కావాలంది గదా."

"అప్పుడంది. ఇప్పుడు వద్దంటంది. పెళ్ళోరికి గంటకో బుద్ధి పుడతాది, మనకేటి తెలుసు? అనుమానమైతే అడుగు." ఫోన్ అతని చేతిలో పెట్టింది.

గవర్రాజు ఫోన్ వైపు చూశాడు. ఏమని అడగాలి? చెప్పిన మాట మళ్ళీ చెప్పించుకుంటే, పని రాదనుకుంటుందేమో. అయినా ఆమె చెప్పిందనే అంటోంది గదా. మనసులో ఏదో గింజలా అడ్డం పడింది. ఫోన్ తిరిగి భార్య చేతిలో పెట్టేసి, బాడిస అందుకున్నాడు.

తొక్క ఊడి రాలేదు. రాకూడదనే గదా మాఘంలో కొట్టింది. బాడిసతో చెక్కి, ఉలితో గీకి, ఒక్కో ముక్క చుట్టూ తిప్పుతూ ఇద్దరూ పొద్దు వాలేదాకా కూర్చున్నారు. ప్రతి దెబ్బకీ గవర్రాజుకి తన చేత్తో తను కట్టిన గోడ తనే పడగొడుతున్నట్టుంది.  కింద తొక్క మోకాలెత్తు పోగు పడింది. తవిటమ్మ దాన్ని పొయ్యిలోకి పనికొస్తుందని గోనెసంచికెత్తింది.

మర్నాడు ఎనిమిదింటికి వేన్‌తో పాటు సుధారాణి కూడా దిగింది. ముక్కల దొంతర చూసింది. చుట్టూ తిరిగి చూసింది.

"మావేవండీ?"

"ఇయ్యే," అంది తవిటమ్మ.

"బెరడేదండీ?"

"నువ్వే తియ్యమన్నావు గదమ్మా. సెక్కు తీసి పెట్టాలండీ అన్నావు."

సుధారాణి చేతిసంచీలోంచి మడత పెట్టిన కాగితం తీసి తవిటమ్మ ముఖం ముందు ఆడించింది. "ఇది పిన్నిగారూ! బ్యాంకు చెక్కు! పెళ్ళివారి దగ్గర చెక్కు తీసి పెట్టానండీ అన్నాను. పెట్టా-నండీ! పెట్టాలండీ కాదు!"

తవిటమ్మ నెత్తి మీద చెయ్యి వేసుకుని చతికిలబడింది. "ఓలమ్మో! ఒక్క అచ్చరానికి అరవై ముక్కలా!"

పక్క షెడ్డు కుర్రాళ్ళు ఎవరో ఫక్కున నవ్వారు. సుధారాణి నవ్వలేదు. "రేపు పెళ్ళి పెట్టుకుని నేనేం మొహం చూపించాలండీ వాళ్ళకి? ఇంకోసారి మీ గుమ్మం తొక్కుతానా?" అంది. అంటూనే ఆమె చూపు మూల మీద పడింది. నాలుగు రోజుల కిందట ఎవరో ఇల్లు కట్టుకోడానికి కొట్టేసిన నిద్రగన్నేరు దుంగ అక్కడుంది. తొక్కతో.

"అదిగో బాబాయ్ గారూ! అది కోసెయ్యండి!"

"పచ్చిదమ్మా."

"పచ్చిదైతే ఏంటండీ? రేపు పదింటికి పెళ్ళి, మూడింటికి సర్దేస్తాం. ఒక్క పూట. ఆ తర్వాత వాళ్ళిళ్ళల్లో ఏమైతే మనకేంటి?"

గవర్రాజు వెళ్ళి దుంగని రంపం మీదికెత్తాడు. సుధారాణి హమ్మయ్య అనుకుంది. ఒక ముక్క కోశాడు. తడి తడిగా, చెట్టు వాసనతో, చుట్టూ తొక్కతో పడింది. దాన్ని అరచేతిలో పెట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇవి కోసిస్తే ఈమె మళ్ళీ వస్తుంది. ఇవ్వకపోతే రాదు, ఇంకో నెలకి తను కృష్ణంరాజు గారి గేటు ముందుంటాడు. అంత తేలికైన లెక్క. కానీ చేతిలో చల్లగా తగులుతున్న ముక్క ఇంకో మాట చెబుతోంది.

రంపం స్విచ్చి ఆపేశాడు.

"పెళ్ళికూతుర్ని అడుగుదాం. పద. నానే సెప్తాను."

"నువ్వా?" అంది తవిటమ్మ. "సెప్తావా?"

చెక్కిన ముక్కలన్నీ వేన్‌లోకెక్కించాడు. పచ్చి ముక్కని ముందు అద్దం దగ్గర పెట్టుకున్నాడు. కొండెక్కి దిగి సముద్రపొడ్డున యారాడ చేరేసరికి పదకొండయింది. దారంతా ఎండ ఆ ముక్క మీదే పడింది.

కొబ్బరితోటలో పందిరి వేస్తున్నారు. హరిచందన చేతులకీ మెడకీ పసుపుతో, చీర ఎగ్గట్టుకుని బల్లలు లెక్కపెట్టుకుంటోంది. తల్లి కాంతం పక్కనే పూలబుట్టలు దింపిస్తోంది. వాళ్ళది గోదావరి జిల్లా, తండ్రి పోర్టులో ఉద్యోగం. పిల్ల ఇక్కడే పుట్టింది.

సుధారాణి ఏదో మొదలుపెట్టబోయింది. గవర్రాజు ముందుకొచ్చాడు.

"అమ్మా, తొక్క నానే తీసీసేను. సుధారాణమ్మ తప్పు నేదు. మాయావిడ ఒకటినబోయి ఒకటిన్నాది, ఇనబడని సోట ఎవులికైనా అంతే. నాకు అనుమానమొచ్చింది. అడగాల. అడగనేదు."

అక్కడితో అతని మాటలు అయిపోవాలి. తవిటమ్మ అలాగే అనుకుంది. కానీ అతను పచ్చి ముక్క తీసి పిల్ల చేతికిచ్చాడు.

"ఇది నిన్నా మొన్నటి సెట్టు. తొక్కున్నాది. కావాలంటే పొద్దుగూకేలోగా అరవై కోసిత్తాను. రేపు ఫొటోల్లో బాగుంటాది. కానీ వచ్చినోల్లు ఇళ్ళకి అట్టుకెల్తారు గదా. వారం తిరక్కుండా నడిమిన్నుంచి అంచుదాకా పగులుతాది. మీ పేర్లు అటొకటి, ఇటొకటి రాత్తాం గదమ్మా. పగులు ఆ రెంటి మద్దినే ఎల్తాది."

కాంతం చేతిలో పూలబుట్ట ఒరిగింది. "శ్రీరామ శ్రీరామ! పెళ్ళింట్లో ఏం మాటలండీ అవి!"

సుధారాణి కళ్ళు మూసుకుంది. అప్పుడు తెలిసింది గవర్రాజుకి తనేమన్నాడో. మాట్లాడక మాట్లాడక మాట్లాడితే ఇలాగే ఉంటుంది. వెనక్కి తీసుకుందామన్నా అందులో అబద్ధమేమీ లేదు. అందుకని తల వంచుకుని నిలబడ్డాడు.

హరిచందన మాత్రం ముక్కని వెలుగుకి పట్టి చూస్తోంది. నడిమిన, గోటితో గీసినట్టు, వెంట్రుకంత గీత. దాని మీద గోరు పెట్టి లాగింది.

"అమ్మా, ఇదిగో చూడు. అప్పుడే మొదలైంది."

కాంతం వంగి చూసింది. 

"తీసిన తొక్క మళ్ళీ అంటించలేమా అంకుల్?"

"అంటించొచ్చమ్మా. కట్టుడుపళ్ళలాగుంటాది."

పిల్ల నవ్వింది. నవ్వి, వేన్ దగ్గరికి వెళ్ళి చెక్కిన ముక్క ఒకటి తీసుకుంది. అంచు చుట్టూ బాడిస దెబ్బలు, నీటి అలల్లా ఒకదాని పక్కన ఒకటి. వాటి మీద వేలు తిప్పుకుంటూ వచ్చింది. పేర్ల దగ్గర ఆగింది.

"ఈ రాత ఎవరిది?"

"నాదేనమ్మా," అంది తవిటమ్మ. "నీ పేరులో హ నాకు ఓ పట్టాన కుదరనేదు. నాలుగు పాడు సేసేను."

"ఇవే దింపించండి," అంది హరిచందన. అంచు మీద మళ్ళీ వేలు రాసి, "కానీ అంకుల్, తొక్క ఉంటే బాగుండేది. ఏడాది నుంచీ అవే ఫొటోలు చూసుకుంటున్నాను," అంది.

"బాగుండేదమ్మా," అన్నాడు గవర్రాజు. "సానా బాగుండేది."

కాంతం పూలబుట్ట సర్దుకుంటూ, ఎవరితోనూ కాదన్నట్టు, "పెళ్ళిపీటలకి మాత్రం తొక్కుంటుందా ఏంటి," అంది.

మధ్యాహ్నం దాకా ముక్కలు బల్లల మీద సర్దారు. సముద్రపు గాలికి గుడ్డలు ఎగరకుండా అవే బరువుగా కూర్చున్నాయి. సుధారాణి దూరం నుంచి, దగ్గర నుంచి చూసింది. పూలు ఇంకాస్త ఎక్కువ కావాలని తోటమాలిని కేకేసింది. కోపం పూర్తిగా పోలేదు. వేన్ దగ్గరికి వచ్చి, గవర్రాజు ముఖం వైపు చూడకుండా అంది:

"శ్రావణంలో సింహాచలం దగ్గర ఒక పెళ్ళుందండీ. వాళ్ళక్కూడా ఇలాంటివే కావాలిట. వినపడిందా పిన్నిగారూ? బె-ర-డు-తో."

"ఇనబడ్డాదమ్మా, ఇనబడ్డాది."

"బెరడుతో కుదరదు," అన్నాడు గవర్రాజు.

సుధారాణి ఇటు తిరిగింది.

"సెట్లన్నీ సిగురేసీసేయి. ఇప్పుడు కొడితే తొక్క నిలవదు. మాఘంలో కొట్టిన మొద్దు ఒక్కటే మిగిలున్నాది, లోన ఇంకా పచ్చే, ఇప్పుడు కోసి ఆరబెడితే శ్రావణానికి ముప్పై ముక్కలొత్తాయి. ముప్పైకి తొక్కుంటాది, మిగతావి ఇలగ సెక్కాల."

"పెళ్ళివారు ఒప్పుకోవాలి కదండీ."

"నానొచ్చి సెప్తాను," అన్నాడు గవర్రాజు. తవిటమ్మ వేన్‌లో కూర్చున్నదల్లా తల బయటికి పెట్టి చూసింది. అతను ఇంకా అక్కడే నిలబడ్డాడు. "ఎంతమందొత్తారమ్మా? ముక్క ఎంత వెడల్పుండాల? దీపం ఎట్టడానికా, ఊరికే సూడ్డానికా? పేర్లు తెలుగులోనా, ఇంగ్లీసులోనా? ఆ పిల్లకి అసలు ఏ కర్ర ఇష్టమో అడిగేవా?"

సుధారాణి వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ, ఒక్కొక్కటిగా జవాబు చెప్పడం మొదలుపెట్టింది.