కెమెరా పెట్టే చోటు

ఉప్పాడలో చేపలమ్మే నూకరత్నం కాకినాడ వచ్చి కెమెరాల షాపు మెట్లెక్కింది. నాలుగేళ్ల క్రితం వాళ్ల ఇల్లు సముద్రంలో కలిసిపోయింది. అల గోడ దాకా రాగానే ఊళ్లో అందరిలాగే వాళ్లూ తలుపులు, దూలాలు, పెంకులు విప్పి దాచుకున్నారు. తరవాత వచ్చిన ఆఫీసరు మొండిగోడలు చూసి, ఇక్కడ ఎవరూ కాపురం లేరని రాసుకుపోయాడు. ఫోన్లో ఫొటో చూపిస్తే అది ఎప్పటిదో అన్నాడు. ఇల్లు పోయినవాళ్లకి సర్కారిచ్చే ఇంటిస్థలం రాలేదు. ఇప్పుడు వెనక్కి జరిగి కట్టుకున్న రెండో ఇంటి గోడ దాకా అలలొచ్చాయి.

"తేదీ, టైమూ పడాలండి. ఇల్లు నిలబడి ఉన్నట్టు, అలొచ్చి పడగొట్టినట్టు కనపడాలి."

షాపు యజమాని ప్రసన్నకుమార్ ఒకటి తీశాడు. "ఇది సోలారమ్మా, సిమ్ముతో పనిచేస్తుంది. కరెంటు పోయినా వీడియో మీ ఫోనుకొచ్చేస్తుంది. గోడకి బిగిస్తే చాలు."

ఆమె షాపులో నడుస్తున్న కెమెరా తెర వంక చూసింది. కెమెరా బిగించిన గోడ తప్ప షాపంతా కనిపిస్తోంది.

"దీన్లో మా ఇల్లు కనపడదు కదండి."

"ఇల్లు కనపడాలంటే ఎదురింటికి పెట్టించాలమ్మా."

"ఎదురుగా సముద్రమేనండి."

"పోనీ పక్కింటికి?"

"అటూ ఇటూ విప్పుకుని వెళ్లిపోయారండి. మాదే ఆఖరు."

"స్తంభం పాతితే?"

"దీపానికని ఒకసారి పాతామండి. తెల్లారేసరికి లేదు."

ప్రసన్నకుమార్ కెమెరాని పెట్టెలో సర్దేశాడు.

ఆమె ఫోను మోగింది. మొగుడు పోలయ్య.

"నీళ్లు అరుగెక్కేశాయే. తలుపులు విప్పమంటావా, నువ్వు కెమెరా తెచ్చేదాకా ఆగమంటావా?"

"విప్పెయ్" అంది నూకరత్నం. "కిటికీలు కూడా."