వందో రోజు ఆట

సమ్మమ్మ మిరపకాయల కడుపులు చీరుతుంటే, ఉప్పలయ్య అద్దం ముందర నిలబడి మీసం దువ్వుకుంటున్నాడు. టాకీసులో సినిమాకు ఆ రోజు వందో రోజు. మైకు పెడతరు, దండలేస్తరు, షీల్డులిస్తరు. క్యాంటీను నడిపేటోడు కాబట్టి ఉప్పలయ్యకూ ఒకటి ఉంది.

"ఇయ్యాల నేను గూడ లోపలికొచ్చి సూస్త."

"ఏముందే సూసెతందుకు? ఇద్దరు ఏడుస్తరు, ఇద్దరు ఎగురుతరు. నువ్వు లోపల కూసుంటే ఇంటర్వెల్‌ల జనానికి ఏం పెట్టాలె, నా మొకమా?"

పెట్టినా ఎవరూ తినరని సమ్మమ్మ మనసులోనే అనుకుంది.

ఓరుగల్లంతా చూసిన సినిమా. నెక్కొండ నుంచి రైలెక్కి వచ్చి చూసిపోయినోళ్లున్నారు. గోడకు ఇవతల పొయ్యి ముందర కూర్చున్న సమ్మమ్మకే దొరకలేదు. ఆట మొదలైతే పిండి కలపాలి, సగమయ్యేసరికి మిర్చీలు దేవాలి, జనం తిని లోపలికి పోతే గిన్నెలు తోమాలి. చివర్లో హాల్లో ఆడవాళ్లు ముక్కులు చీదే చప్పుడు మాత్రం గోడ దాటి వినబడేది. ఏమైందని ఏడుస్తాన్రు? హీరోయిన్ సచ్చిందా, మొగడు ఇడిసిపెట్టిండా? రోజూ అదే రంది. ఒకసారి అత్త రాజక్కను అడిగితే, "సినిమాలు సూసిన ఆడిది సంసారం చేస్తదా?" అన్నది. ఆ అన్నది కూడా బాల్కనీలో ఫ్రీ పాసు మీద కూర్చొని, కోడలు పంపిన మిర్చి నములుతూనే.

సాయంత్రం ఆటకు ముందు స్టేజీ మీద టాకీసు సేటు సారంగపాణి షీల్డు ఇచ్చాడు. ఉప్పలయ్య మైకు అందుకున్నాడు.

"ఈ రెండు చేతులతోని వంద రోజులు మిర్చీలేసిన. ఒక్క దినం పండుకోలే!"

చప్పట్లు గోడ దాటి వచ్చాయి. మిరపకారానికి మండుతున్న తన చేతులను సమ్మమ్మ చూసుకుంది. ఈ మనిషి ఒకసారి నూనె చుక్క పడితే మంచమెక్కి, తల్లితో విసనకర్ర ఊపించుకున్నాడు. ముందు నవ్వొచ్చింది. తర్వాత రాలేదు. కలిపిన పిండి మీద మూతపెట్టి, పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగి, నీళ్లు చల్లి, కొంగుకు చేతులు తుడుచుకొని లేచింది.

ఆడోళ్ల గేటు కాడ టికెట్లు చింపే యాకయ్య, "వదినా, లోపలెవలకన్న మిర్చీలా?" అన్నాడు.

"నేనే పోతాన."

అతను పరదా ఎత్తాడు.

హీరోయిన్ పచ్చచీర కట్టింది. మంచిగుంది పిల్ల. కష్టాలు అప్పుడే మొదలైనయి. అంతలో ఇంటర్వెల్ లైట్లు వెలిగాయి. కాసేపటికి బయట లొల్లి. ఉప్పలయ్య షీల్డు చంకలో పెట్టుకొని, ఆడోళ్ల బెంచీలకు అడ్డంగా కట్టిన పొట్టిగోడ దగ్గరికి ఉరికొచ్చాడు.

"ఏడ సచ్చినవే? జనం మీద పడ్తాన్రు, పొయ్యి సల్లగుంది!"

"ఓ అయ్యా, ఆడోళ్ల దిక్కు ఏం తొంగిసూస్తానవు?" అని ఒకామె గదమాయించింది.

"నా పెండ్లామే గదమ్మా!"

"అయితే ఇంటికాడ సూసుకో!"

బెంచీలన్నీ నవ్వినయి. పైన బాల్కనీలోంచి రాజక్క, "ఒరే ఉప్పలిగా, మిర్చీలేవిరా?" అని కేక.

సమ్మమ్మ కదలలేదు. "పిండి కలిపే ఉంది. కాయలు చీరే ఉన్నయి. ఎయ్యి పో."

"నాకొస్తదానే?" అన్నాడు, గొంతు తగ్గించి.

గంట మోగింది. లైట్లారిపోయినయి. తెరమీద పచ్చచీర పిల్ల ఎవరినో చూసి ఆగిపోయింది. ఉప్పలయ్య ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు.

"జర పక్కకు జరుగు," అన్నది సమ్మమ్మ. "తెర కనవడ్తలేదు."